నవల అర్థము కాకున్న దోషమెవరిది?

సాహిత్య ప్రక్రియలన్నిటిలోను నవలకు ఉన్నంతమంది చదువరులు వేరొక దానికి లేరన్నది అందరూ ఒప్పుకునే మాట. పద్యాన్ని ఆస్వాదించుటకు ఛందస్సు, వ్యాకరణం కొంతైనా తెలియవలెను. నాటకానికి రంగస్థలం, నటులు కావలెను. నవలకు మాత్రం అక్షరజ్ఞానం, కొద్దిపాటి తీరిక ఉన్న చాలునని మన పెద్దలు భావించారు. ఈ నమ్మకానికి ఎదురుదెబ్బ తగిలిన సందర్భాలు కూడ లేకపోలేదు. కథ ఎక్కడ మొదలైనదో, మాటలాడుచున్నది ఎవరో, జరుగుచున్నది నేటి సంగతియో నిన్నటి జ్ఞాపకమో తెలియక, చదువరి ముప్పయ్యవ పుట చేరకముందే పక్కన పెట్టివేసే నవలలు మన భాషలోను వచ్చినవి. విమర్శకులు వాటిని ప్రయోగాత్మక నవలలన్నారు. సామాన్య చదువరి వాటిని అర్థం కాని నవలలన్నాడు. ఈ రెండు పేర్ల నడుమ ఉన్న దూరాన్ని గూర్చి ఆలోచించుటయే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

ఇది కేవలం పండితుల చర్చ అని కొందరు అనుకొనవచ్చును. మేము అట్లు భావించుట లేదు. బీర్పూరు వంటి పల్లెల నుండి జగిత్యాలకో కోరుట్లకో, వేములవాడ పల్లెల నుండి సిరిసిల్లకో బస్సెక్కి వచ్చి చదువుకునే విద్యార్థి తరచుగా తన ఇంట కళాశాల మెట్టెక్కిన మొదటి మనిషి. తల్లి బీడీలు చుట్టగా, తండ్రి గల్ఫు దేశంలో కూలి చేయగా, లేదా సిరిసిల్ల సాంచాల మీద రాత్రి షిఫ్టు చేయగా వచ్చిన రూపాయలతో అతని చదువు సాగుతున్నది. అటువంటి విద్యార్థికి ఒక పుస్తకం అర్థం కాకపోతే అతడు పుస్తకాన్ని శంకించడు, తననే శంకించుకుంటాడు. "ఇది మన వంటి వారి కోసం వ్రాసినది కాదు" అని నిశ్చయించుకుంటాడు. ఒక్క నవలతో ఆగితే నష్టం స్వల్పమే. కాని ఆ నిశ్చయం అతనికీ సాహిత్యానికీ నడుమ జీవితాంతం గోడయై నిలుస్తుంది. మా ఆందోళన అంతయు ఆ గోడను గూర్చియే.

ఇందుకు తెలుగులో అన్నిటికంటె తగిన ఉదాహరణ "అంపశయ్య". ఓరుగల్లు ప్రాంతపు వావిలాల గ్రామంలో 1941లో పుట్టిన దొంగరి మల్లయ్య గారు నవీన్ అను కలం పేరుతో వ్రాసిన ఈ నవల 1969లో వెలువడినది. ఆ పుస్తకం పేరే రచయిత పేరుకు ముందు చేరి, నేటికీ వారిని సాహిత్యలోకం అంపశయ్య నవీన్ గానే ఎరుగును. వారి "కాలరేఖలు" నవలకు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. "అంపశయ్య"లో కథ ఇంతేనని రెండు వాక్యాలలో చెప్పవచ్చును. రవి అను తెలంగాణ పల్లెటూరి పేద విద్యార్థి ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతి గృహంలో ఉండి చదువుకుంటున్నాడు. అతని జీవితంలో ఒకే ఒక్క రోజు, ఉదయం నుండి రాత్రి వరకు, అతని మనసులో నడిచిన ఆలోచనలే ఈ నవల.

పెద్ద సంఘటనలు లేవు. మలుపులు లేవు. ఒక ఆలోచన నుండి మరొక ఆలోచనకు, ఒక అవమానం నుండి పాత జ్ఞాపకానికి, అక్కడి నుండి ఒక కోరికకు, ఆ కోరిక నుండి డబ్బు చింతకు మనసు ఎట్లు దుముకునో అట్లే వాక్యాలు కూడ దుముకుతాయి. ఈ పద్ధతికి తెలుగు విమర్శకులు చైతన్య స్రవంతి అని పేరు పెట్టారు. మనసులోని ఆలోచనల నడకను ప్రవాహంతో పోల్చి అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1890లో వాడిన మాటయే దీనికి మూలం. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ 1922లో ప్రచురించిన "యులిసీస్"లో, 1904 జూన్ 16వ తేదీన డబ్లిన్ నగరంలో గడచిన ఒక్క రోజును ఈ తీరుననే చిత్రించాడు.

తెలుగులో కూడ నవీన్ గారికి ముందే దారి పడియున్నది. 1940ల దశకంలో వచ్చిన బుచ్చిబాబు గారి "చివరకు మిగిలేది", గోపీచంద్ గారి "అసమర్థుని జీవయాత్ర" మనిషి లోపలి సంఘర్షణను నవలకు ముఖ్య వస్తువుగా చేసినవి. ఆ తరువాత రాచకొండ విశ్వనాథశాస్త్రి గారి "అల్పజీవి" వచ్చినది. వడ్డెర చండీదాస్ గారి "అనుక్షణికం"లోనైతే ఎవరు ఎవరో గుర్తుంచుకొనుటకు చదువరి పక్కన కాగితం పెట్టుకొని పేర్లు వ్రాసుకొనవలసినంతమంది పాత్రలు ఉన్నారు. కాబట్టి చదువరికి కష్టం కలిగించే నవల మనకు కొత్త వస్తువు కాదు.

ఇటువంటి నవల ఎదురైనప్పుడు రెండు రకాల తీర్పులు వినవస్తున్నవి. మొదటిది పండితుల తీర్పు: చదువరికి తగిన సంస్కారం లేదు, అందుకే అర్థం కాలేదు. రెండవది సామాన్యుల తీర్పు: రచయితకు చెప్పుట చేతకాలేదు, అందుకే అర్థం కాలేదు. మా దృష్టిలో ఈ రెండునూ తొందరపాటు తీర్పులే. మొదటిది చదువరిని అవమానించి పంపివేస్తుంది. రెండవది చదువరికి శ్రమ తప్పించి పంపివేస్తుంది. ఫలితం మాత్రం ఒక్కటే: పుస్తకం మూతపడుతుంది.

ఈ రెండు తీర్పులకు ముందు అడగవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నది. ఆ గజిబిజి ఎవరిది? అది రచయిత వాక్యంలోని గజిబిజియా, లేక ఆ పాత్ర బ్రతుకులోని గజిబిజియా? "అంపశయ్య"కు ఈ ప్రశ్న వేసి చూతము. పల్లె విడిచి మహానగరానికి వచ్చిన పేద పిల్లవాని మనసు సాఫీగా, వరుసక్రమంలో నడుచునా? పుస్తకం తెరచినప్పుడు ఇంటి అప్పు గుర్తుకు వచ్చును. స్నేహితుడు నవ్వినప్పుడు తన చొక్కా చిరుగు గుర్తుకు వచ్చును. ఒక అమ్మాయి పలుకరించినప్పుడు ఆనందం వెంటనే భయం కూడ వచ్చును. అటువంటి మనసును మొదలు, నడుమ, తుది అని మూడు భాగాలుగా సర్ది చెబితే కథ తేలికగా అర్థమగును గాని, ఆ పిల్లవాడు మాత్రం మనకు అందడు. కురుక్షేత్రంలో గాయపడిన భీష్ముడు బాణాల పాన్పు మీద పరుండి ఉత్తరాయణం కోసం ఎదురుచూచాడు. ఏ పక్కకు ఒత్తిగిలినా ఒక బాణం గుచ్చుకొనే స్థితి అది. ఒక పేద విద్యార్థి రోజుకు రచయిత ఆ పేరు పెట్టుటలో ఉన్న ఔచిత్యం గ్రహించిన వారికి ఆ శైలి ఎందుకట్లున్నదో కూడ సగం బోధపడును.

ఇక్కడనే మా బాధ. ఈ నవలలోని రవి ఎవరో కాదు. బస్సు పాసు, మెస్సు బిల్లు, పరీక్ష ఫీజు లెక్కలు వేసుకొనుచు తరగతిలో కూర్చునే మన విద్యార్థియే. ఎవని కథ వ్రాయబడినదో వాడే "ఇది నా వంటి వాని కోసం కాదు" అని ఆ పుస్తకాన్ని తిరిగి అల్మారాలో పెట్టుటకంటె విచారకరమైనది ఏమున్నది?

మన వారికి వంకరటింకర కథనం అలవాటు లేదు, అందుకే తడబడుతున్నారు అన్న మాట కూడ వింటున్నాము. దీనిని మేము అంగీకరించము. పదహారవ శతాబ్దంలోనే పింగళి సూరన "కళాపూర్ణోదయం" వ్రాశాడు. అందులో ఒకరు చెప్పిన కథలోని ముడిని మరొకరు చెప్పిన కథ విప్పును. ముందు జరిగినది వెనుక, వెనుక జరిగినది ముందు తెలియును. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి గారు తమ "కవిత్వతత్త్వ విచారము"లో ఆ కావ్యపు కథాకల్పనను ప్రత్యేకించి చర్చించినారు. పుస్తకాల సంగతి అటుంచి, మన పల్లెలలో జరిగే ఒగ్గుకథను చూడుడు. డోలు, తాళాల మధ్య నిలబడిన కథకుడు ఒక నిమిషం ఎల్లమ్మ, మరునిమిషం రాజు, అంతలోనే కథ చెప్పువాడు. నడుమ వంతవాడు అడ్డుపడి ఊరి ముచ్చట ఒకటి విసిరి నవ్వించును. మరల కథ ఎక్కడ ఆగినదో అక్కడికి పోవును. అక్షరం రాని అవ్వ కూడ తెల్లవారు వరకు కూర్చుండి ఎక్కడా దారి తప్పదు. ఎవరు మాటలాడుచున్నారో ఆమెకు గొంతును బట్టి తెలియును.

గల్ఫు దేశాలకు పోయినవారు వెనుకటి రోజులలో క్యాసెట్లలో, ఈనాడు సెల్ ఫోనులో తమ గొంతు పంపుట మన ప్రాంతానికి తెలియని సంగతి కాదు. అందులో జీతం మాట, జ్వరం మాట, పిల్లవాని బడి మాట, ఎప్పుడో చనిపోయిన తాత మాట అన్నీ కలిసియుండును. వరుస ఉండదు. అయినను ఇంటివారికి అర్థం కాని మాట అందులో ఒక్కటియు లేదు. చెప్పువాని యందు ప్రేమ ఉన్నది గనుక, వినుటకు ఓపిక ఉన్నది. చైతన్య స్రవంతి అను పెద్ద పేరు వెనుక ఉన్నది ఇదే.

ఉర్దూ చదువుకునే మన విద్యార్థులకు ఈ విషయంలో మరొక బలం కలదు. గజల్‌లోని ప్రతి షేర్ దేనికదే స్వతంత్రం. ఒక షేర్‌లో ప్రేయసి, తరువాతి దానిలో లోకరీతి, ఆ తరువాతి దానిలో మృత్యువు ఉండవచ్చును. వాటిని కట్టి ఉంచేది రదీఫ్, ఖాఫియాల పునరావృత్తి. మిగిలిన సంబంధాన్ని వినువాడే తన మనసులో కల్పించుకొనును. ముషాయిరాలో కూర్చున్నవాడెవడును ఈ షేర్‌కు వెనుకటి షేర్‌తో సంబంధమేమని ప్రశ్నించడు. ఈ అలవాటును నవల వద్దకు తీసుకొని పోగలిగితే సగం కష్టం తీరినట్లే.

ఉర్దూ నవలలోను ఇట్టి ప్రయోగాలకు కొదువ లేదు. సజ్జాద్ జహీర్ "లండన్ కీ ఏక్ రాత్" 1938లో వెలువడినది. లండనులోని భారతీయ విద్యార్థుల ఒక్క రాత్రియే దాని పరిధి. "అంపశయ్య"లోని ఒక్క పగటి పక్కన దీనిని పెట్టి చదివినవారికి రెండును మరింత స్పష్టమగును. ఖుర్రతుల్ ఐన్ హైదర్ "ఆగ్ కా దరియా" 1959లో వచ్చినది. మౌర్యుల కాలం సమీపంలో మొదలై, లోదీల కాలం, కంపెనీ పాలన దాటి, దేశ విభజన వరకు రెండు వేల ఏండ్లకు పైబడి అది ప్రవహించును. గౌతమ్, చంపా, కమాల్ అను పేర్లు ఒక యుగంలో కనుమరుగై మరొక యుగంలో వేరు మనుషులుగా మరల కనబడును. తొలిసారి చదువువారు వీరు వారేనా, కాదా అని తికమకపడుట సహజం. కాని ఆ తికమకలోనే రచయిత్రి అడిగే ప్రశ్న ఉన్నది. ఇన్ని శతాబ్దాలుగా కలిసి ప్రవహించిన జీవితాన్ని ఒక సరిహద్దు గీత రెండుగా కోయగలదా? ఈ ప్రశ్న తెలిసిన తరువాత పేర్ల తికమక బాధించదు. పైగా, అదే లేకుండిన ఆ ప్రశ్న మన గుండెకు తగులదు.

కష్టమైన పుస్తకానికి సహాయం తీసుకొనుట సిగ్గుపడవలసిన పని కాదని కూడ మనవి చేయుచున్నాము. "యులిసీస్" చదువరులకు కొరుకుడు పడకపోగా, స్వయముగా జాయిస్ సహాయంతోనే స్టూవర్ట్ గిల్బర్ట్ 1930లో దానికి వివరణ గ్రంథం ప్రచురించాడు. అమెరికా నవలాకారుడు విలియం ఫాక్‌నర్ 1929లో "ది సౌండ్ అండ్ ది ఫ్యూరీ" ప్రచురించాడు. అందులో మొదటి భాగం నిన్నకు నేటికి భేదం తెలియని ఒక మందమతి మనసు ద్వారా సాగును. వేరు వేరు కాలాలను వేరు వేరు రంగుల సిరాలతో అచ్చు వేయించవలెనని ఫాక్‌నర్ కోరుకొన్నాడు. ఆనాడు అది సాధ్యపడలేదు. 1945లో ఆ కుటుంబాన్ని గూర్చిన ఒక అనుబంధాన్ని తానే వ్రాసి, మరుసటి సంవత్సరం ప్రకటించాడు. నోబెల్ పురస్కారం పొందిన రచయితయే చదువరికి చేయి అందించుటకు సంకోచించనప్పుడు, మన అధ్యాపకులు, గ్రంథాలయాలు ఎందుకు సంకోచించవలెను?

కాని సహాయం వేరు, బదులు చదువుట వేరు. నేడు నవలను పాఠ్యాంశముగా పెట్టిన చోటనెల్ల బజారు గైడు ముందు వస్తుంది, నవల వెనుక వస్తుంది. రెండు పుటల సారాంశం, పాత్రల గుణగణాలు, అయిదు ప్రశ్నలు, వాటి జవాబులు. ఇప్పుడు ఫోను తెరచి అడిగితే యంత్రమే సారాంశం చెప్పే రోజులు వచ్చినవి. మామూలు నవలకు సారాంశం చదివిన కొంత కథయైన చేతికి వచ్చును. "అంపశయ్య" వంటి దానికి సారాంశం చదివిన ఏమియు రాదు. "ఒక పేద విద్యార్థి ఒక రోజు చాల ఆలోచించెను" అన్న వాక్యం తప్ప అందులో మిగులునది లేదు. ఆకలిని గూర్చి చదివిన కడుపు నిండదు. పరీక్షలో మార్కులు వచ్చును గాని, రవితో గడపవలసిన ఆ ఒక్క రోజు మన జీవితంలోనికి రాదు.

ఇంత చెప్పినందున, అర్థం కాని ప్రతి పుస్తకమును గొప్పదే అని మేము వాదించుచున్నట్లు ఎవరును భావింపరాదు. చెప్పవలసినది లేక, లేమిని కప్పిపుచ్చుటకు చిక్కుముడులు వేసే రచయితలు ఏ భాషలోనైనా ఉన్నారు. కొత్తదనమే గుణమని వారు అనుకొందురు. చదువరికి వారిని తిరస్కరించే హక్కు పూర్తిగా ఉన్నది. ఐతే ఆ హక్కును వినియోగించుటకు ముందు మూడు ప్రశ్నలు వేసుకొనుట న్యాయం. వరుస తప్పిన ఈ కథనం పాత్ర బ్రతుకుతో ముడిపడి ఉన్నదా? రెండవసారి చదివినప్పుడు మొదటిసారి కనబడనిది ఏదైన కనబడుచున్నదా? అదే సంగతిని సాఫీగా చెప్పియుంటే ఏదైన పోయెడిదా? ఈ మూడింటికిని లేదు అన్న జవాబు వచ్చినచో ఆ పుస్తకాన్ని నిశ్చింతగా పక్కన పెట్టవచ్చును. పండితులు ఎంత పొగడినను మనం తలవంచుకొనవలసిన పని లేదు. పడుగు పేకల వరుస తెలిసిన నేతగానిని చిక్కుపడిన నూలు చూపి వస్త్రమని నమ్మింపజాలరు. చదువరికి కూడ ఆ నేర్పు రావలెను. అది చదువుట వలననే వచ్చును.

ఆచరణలో చేయదగినవి కొన్ని మనవి చేసి ముగింతుము. మొదటిది, ఇట్టి నవలను తొలిసారి చదువునప్పుడు ప్రతి వాక్యం వద్ద ఆగరాదు. ఒగ్గుకథ విన్నట్లు ముందుకు పోవలెను. రెండవది, తడబడిన చోట గొంతెత్తి చదువవలెను. కంటికి కలగాపులగముగా తోచినది చెవికి వేరు వేరు గొంతులుగా విడిపడును. మూడవది, ఒంటరిగా కాక నలుగురు కలిసి చదువవలెను. ఒకరికి అందనిది మరొకరికి అందును. నాలుగవది, కళాశాలలో వారానికి ఒక గంట పరీక్షతో నిమిత్తం లేని చదువుకు కేటాయించవలెను. ఒక్కొక్క నవలకు ఒక్క ప్రతి గాక నాలుగైదు ప్రతులు గ్రంథాలయంలో ఉంచవలెను. అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఉర్దూ విద్యార్థి "ఆగ్ కా దరియా"ను తెలుగు మిత్రునికి, తెలుగు విద్యార్థి "అంపశయ్య"ను ఉర్దూ మిత్రునికి నోటితో చెప్పవలెను. ఇతరునికి చెప్పబోయినప్పుడే మనకు ఏది అర్థమైనదో, ఏది కాలేదో తేలును.

ఇది అలవికాని ఆదర్శమని ఎవరైన అనవచ్చును. మన ప్రాంతమే దానికి సమాధానం. సిరిసిల్ల సమీపంలోని హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి గారు ఉర్దూ మాధ్యమంలో చదువుకొని తెలుగు కవి అయినారు. గజల్‌ను తెలుగులో వ్రాసి, పాడి వినిపించినారు. దాశరథి గారు గాలిబ్ కవిత్వాన్ని తెలుగు చేసినారు. 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం నారాయణరెడ్డి గారిని వరించగా, 1989 సంవత్సరపు పురస్కారం ఖుర్రతుల్ ఐన్ హైదర్‌ను వరించినది. ఉర్దూ, తెలుగు రెండును ఒకే సంచికలో అచ్చయ్యే మన పత్రికలో ఈ సంగతి గుర్తు చేసుకొనుట సముచితమని భావించుచున్నాము. ఒక భాష నేర్పిన చెవితో మరొక భాషను వినిన వారు మన నేల మీదనే పుట్టినారు.

కావున విద్యార్థి మిత్రులకు మా విన్నపం ఒక్కటే. నవల అర్థం కాలేదని సిగ్గుపడకుడు. అర్థం కాలేదని చెప్పుటకు కూడ సిగ్గుపడకుడు. ఆ మాట తరగతిలో, నలుగురి ముందు పైకి అనుడు. ఏ పుట వద్ద ఆగినారో చెప్పుడు. అక్కడి నుండి మనమందరము కలిసి చదువుదము.